హిమానీనదం సరస్సులో రాసిన ఏళ్ల లెక్క

1878లో స్వీడన్ భూగర్భ సర్వేలో చేరిన గెరార్డ్ డి గేర్‌కు స్టాక్‌హోం పరిసరాల్లో చారల బంకమట్టి కనబడింది. లేతరంగు మందపాటి పొర, దానిమీద నల్లని సన్నపొర, మళ్లీ లేతరంగు. చెట్టు మానులోని వలయాల్లా ఇవీ ఏడాదికొక జత చొప్పున పడ్డాయేమోనని ఆయనకు తోచింది. విద్యార్థులను వెంటేసుకుని ఆ పొరల్ని లెక్కగట్టి, 1910లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర మహాసభలో గత 12,000 ఏళ్ల కాలక్రమాన్ని ముందుంచాడు.

ఆ జతలు ఏర్పడే తీరు ఇదీ. హిమానీనదం కదులుతూ అడుగునున్న రాతిని అరగదీస్తుంది. ఎండాకాలంలో కరిగిన నీళ్లు ఆ రాతిపొడిని మోసుకుంటూ మంచు కింది సొరంగాల గుండా సరస్సులోకి వస్తాయి. అక్కడ వేగం తగ్గగానే గులకరాళ్లు, ఇసుక మంచు అంచు దగ్గరే కుప్పపడతాయి. మిగతా బురదనీరు సరస్సు నీటికన్నా బరువు కాబట్టి అడుగుకు దిగి, వాలు వెంబడి పారుతుంది. రోన్ నది జెనీవా సరస్సులో కలిసేచోట నీటి అడుగున ఉన్న కాలువకు కారణం ఇదేనని 1880లలోనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఫోరెల్ వివరించాడు. చలికాలం సరస్సు పైన గడ్డకడుతుంది, గాలి తాకదు, కొత్త నీరు రాదు. అప్పుడు సన్నని బంకమన్ను నెలల తరబడి నింపాదిగా దిగుతుంది. అదే నల్లపొర. మధ్యమధ్య తేలే మంచుదిమ్మ కరిగి జారవిడిచిన రాయి కింది పొరల్ని నొక్కి వంచేస్తుంది.

ఉప్పునీటిలో ఇంత శుభ్రమైన చారలు అరుదు. అక్కడ తేలికైన మంచునీరు పైనే తేలుతుంది, బంకరేణువులు ఒకదానికొకటి అతుక్కుని త్వరగా మునిగిపోతాయి. వేసవి మట్టి, చలికాలం మట్టి వేరుపడే వ్యవధి ఉండదు.

పొరల్ని బట్టి ఏళ్లు లెక్కగట్టడంలో చిక్కు కూడా ఆ అడుగు ప్రవాహాల్లోనే ఉంది. ఒకే వేసవిలో రెండు మూడు వరదలొస్తే రెండు మూడు పొరలు పడొచ్చు, అవన్నీ ఏళ్లలాగే కనిపిస్తాయి. డి గేర్ మాత్రం తన పద్ధతిని మరీ దూరం లాగాడు. 1920లో ఉత్తర అమెరికా వెళ్లి అక్కడి పొరల్ని స్వీడన్ పొరలతో ఏడాదికి ఏడాది జోడించబోయాడు. వెంట వెళ్లి అక్కడే ఉండిపోయిన శిష్యుడు ఎర్న్‌స్ట్ ఆంటెవ్స్ ఒప్పుకోలేదు. సముద్రం దాటించిన ఆ జోడింపు నిలబడలేదు కూడా. అటుపైన జీవావశేషాల్లోని కార్బన్‌ను బట్టి వయసు కట్టే రేడియోకార్బన్ పద్ధతి వచ్చాక పొరల్లో చిక్కిన ఆకుల వయసుతో సరిచూస్తే, స్వీడన్ లెక్కలోనూ కొన్ని వందల ఏళ్లు తక్కువ పడ్డట్టు బయటపడింది.