ముట్లుడిగే వయసు: మా ఓపీలో రోజూ వినే అపోహలు

“అమ్మా, నాకు ఎప్పుడు ఆగిపోతాయి?” అని అడిగితే ఏ డాక్టరూ తేదీ చెప్పలేరు. మన దేశంలో సగటున 46-47 ఏళ్లకు, పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర ఆగుతాయి. ఆ వయసును తేల్చేది అండాశయం. మనవాళ్లు మాత్రం అంతా గర్భసంచి మీదే పెడతారు.

అపోహ: త్వరగా పెద్దమనిషైతే త్వరగా ఆగిపోతాయి.
వాస్తవం: ఆ లెక్క పెద్దగా నిలవదు. మీ అమ్మకు, అక్కకు ఎప్పుడు ఆగాయో అడగండి, కాస్త అంచనా దొరుకుతుంది. అమ్మకు గర్భసంచి తీసేసి ఉంటే అదీ దొరకదు.

అపోహ: గర్భనిరోధక మాత్రలు వాడితే అండాలు మిగులుతాయి.
వాస్తవం: ఆడపిల్ల 10-20 లక్షల అండాలతో పుడుతుంది. పెద్దమనిషయ్యేసరికి మూడు నాలుగు లక్షలు ఉంటాయి. జన్మంతా కలిపి విడుదలయ్యేవి 400-500. మిగతావన్నీ లోపలే ఎండిపోతాయి. మాత్ర విడుదలను ఆపుతుంది, ఎండిపోవడాన్ని ఆపలేదు.

అపోహ: పొగతో ఆడవాళ్లకేం సంబంధం?
వాస్తవం: పొగ తాగేవాళ్లకు ఏడాది, రెండేళ్లు ముందే ఆగుతాయి. ఉత్తరాంధ్రలో “సిగరెట్ తాగుతారా?” అంటే కోపమొస్తుంది. “అడ్డపొగ?” (చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అంటే నవ్వుతారు.

అపోహ: పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది, తీయించేస్తే పీడ పోతుంది.
వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అండాశయాలు ఉంచినా, వాటికి వెళ్లే రక్తంలో కొంత గర్భసంచి వైపు నుంచే వస్తుంది. అందుకే అవి ముందే అలిసిపోవచ్చు. అవీ తీసేస్తే ముట్లుడగడం ఆ రోజే జరిగిపోయినట్టు.

మొన్న 34 ఏళ్ల కూలి మనిషి వచ్చింది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, నడుం నొప్పి. తెల్లబట్టకు భయపడి రెండేళ్ల కింద ఆపరేషన్ చేయించుకుందట. ప్లాస్టిక్ కవర్లోంచి తీసిన చీటీలో “గర్భసంచి తీశాం” అని ఒక్క ముక్క. స్కాన్ చేస్తే అండాశయాలు రెండూ లేవు. ఎముకలు, గుండె దెబ్బతినకుండా, వేరే అడ్డంకి లేకపోతే సహజంగా ముట్లాగే వయసు దాకా హార్మోన్ మాత్రలు వాడాలి. ఆమెకు అంతవరకూ ఎవరూ ఆ మాట చెప్పలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే, అండాశయాలు ఉంచారో లేదో చీటీలో రాయించుకోండి.

నలభై లోపే ముట్లు ఆగితే మాత్రం “మా వంశంలో అంతే” అనుకుని ఊరుకోవద్దు, పరీక్షలు చేయించాలి.

అపోహ: మూడు నెలలు రాలేదంటే ఆగిపోయినట్టే.
వాస్తవం: వరసగా 12 నెలలు రాకపోతేనే. 44 ఏళ్ల ఆమెకైనా నేను ముందు రాసేది గర్భం పరీక్షే. కోడలు పక్కనుంటే ఆ మాట ఎత్తను, కాసేపు బయట కూర్చోమంటాను.