పాడినవాళ్ళకు చెప్పకుండా మారిన పాట

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ వినిపించి, ఇది ఫోక్ (మామూలు గిటారుతో పాడే జానపద బాణీ) పాటా, రాక్ (ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ హోరుతో సాగే బాణీ) పాటా అని అడిగారు. ఆ పాట రెండుసార్లు తయారైంది. రెండోసారి తయారైనప్పుడు పాడినవాళ్ళిద్దరూ అక్కడ లేరు.

ఆ ఇద్దరు గాయకులు పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో చిన్ననాటి నుంచీ స్నేహితులు. ఇద్దరిలో పాటలు కట్టేవాడు సైమన్. ఇరవై దాటిన కొత్తలో అతను తల్లిదండ్రుల ఇంటి స్నానాలగదిలో దీపం ఆర్పేసి, కుళాయి విప్పి, ఆ నీళ్ళ చప్పుడు వింటూ గిటారు వాయించుకునేవాడు. గోడలకు టైల్స్ ఉండటం వల్ల తీగల నాదం తిరిగి తన చెవికే వచ్చి చేరేది. చీకటిని పాత నేస్తంలా పలకరించే ఆ మొదటి పంక్తి అక్కడే పుట్టిందని తనే చెప్పాడు.

1964 మార్చిలో కొలంబియా అనే రికార్డుల సంస్థ స్టూడియోలో, టామ్ విల్సన్ నిర్మాతగా ఆ పాటను డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటారు లేకుండా రికార్డు చేశారు. అక్టోబరులో ఆ పాట ఉన్న ఆల్బమ్ వచ్చింది, పెద్దగా ఎవరూ కొనలేదు. సైమన్ ఇంగ్లండు వెళ్ళిపోయి చిన్న చిన్న క్లబ్బుల్లో పాడుకున్నాడు, గార్ఫంకెల్ చదువులో పడ్డాడు.

1965లో బోస్టన్‌లోనూ ఫ్లోరిడాలోనూ కొన్ని రేడియో స్టేషన్లు ఆ పాటను వేయడం, కాలేజీ పిల్లలు మళ్ళీ మళ్ళీ అడగడం మొదలైంది. పేరున్న ఫోక్ గాయకుడు బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ వాద్యాల వైపు మళ్ళిన ఏడాది అది. ఆ రికార్డింగుల్లోనూ విల్సన్ ఉన్నాడు. అందుకే అతను పాత టేపు బయటికి తీయించి, ఆల్ గోర్గోనీ మొదలైన స్టూడియో వాద్యకారులను పిలిపించి, దాని మీదే ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్ వాయింపజేశాడు.

ఇక్కడే వచ్చింది అసలు చిక్కు. మన కచేరీల్లో మృదంగం వాయించే ఆయన గాయకుడి ముఖం చూస్తూ తాళం సర్దుకుంటాడు, గాయకుడూ ఆయన కోసం ఒక్క క్షణం ఆగుతాడు. టేపు ఎవరి కోసమూ ఆగదు కదా! డ్రమ్స్ లేకుండా పాడిన పాట గనక కాలం అక్కడక్కడా నిదానిస్తుంది, అక్కడక్కడా పరుగెడుతుంది. ఆ గొంతుల వెంట ఈ వాద్యకారులే పడుతూ లేస్తూ నడవాల్సి వచ్చింది. సగం దాటాక ఒకచోట తాళం కాస్త వెనక్కి లాగినట్టు వినిపించడానికి కారణం ఇదే. నాకైతే ఆ తడబాటే ముద్దుగా ఉంటుంది.

కొత్త రికార్డు ఆ సెప్టెంబరులో విడుదలైంది. పాడినవాళ్ళ అనుమతి ఎవరూ అడగలేదు. అది జనంలోకి పాకుతున్న సంగతి సైమన్‌కు డెన్మార్క్‌లో ఉండగా తెలిసింది. మొదటిసారి విన్నప్పుడు అతనికి అది రుచించలేదు. అయినా 1966 జనవరి 1న అమెరికాలో ఆ పాట మొదటి స్థానానికి చేరింది, విడిపోయిన స్నేహితులు మళ్ళీ కలిసి హడావుడిగా రెండో ఆల్బమ్ చేశారు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది: గొంతులు ఫోక్, కింది తాళం రాక్. ముందు 1964 నాటిది వినండి, తర్వాత 1965 నాటిది పెట్టుకుని, రెండో చరణంలో డ్రమ్స్ అందుకునే చోటు పట్టుకోండి.

మీ
తాతయ్య