స్మూత్‌గా దిగితే మంచి టెకీలాయేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డాలస్ దగ్గర ఒక లిక్కర్ స్టోర్‌లో స్పిరిట్స్ విభాగం చూస్తుంటాను, శనివారాలు టేస్టింగ్‌లు పెడతాను. మన తెలుగువాళ్లు బాగానే వస్తారు. ఈ మధ్య లా గ్రిటోనా రెపొసాడో (రెపొసాడో అంటే కొన్నాళ్లు పీపాలో ఉంచిన టెకీలా) పోసిన ప్రతిసారీ ఒకటే మాట: "అన్నా, ఇది ఆడవాళ్లు చేసింది కదా, లైట్‌గా తియ్యగా ఉంటుందేమో, మాకు స్ట్రాంగ్‌ది చూపించు." గ్లాసులో రంగు చూశాక రెండో మాట: "రెపొసాడో అంటున్నావు, ఇంత పలచగా ఉందేంటి, నీళ్లు కలిపారా?" ఈ రెండు మాటల వెనకా ఉన్నది ఒకే అపోహ. మనవాళ్ల జేబుకి అన్నిటికన్నా పెద్ద చిల్లు పెడుతున్నదీ అదే, కాబట్టి ముందు దాని సంగతి.

అపోహ: రంగు ముదురుగా ఉండి, వెనిల్లా వాసన వచ్చి, గొంతులో మంట లేకుండా జారిపోతే అదే మంచి టెకీలా.

వాస్తవం: ఆ మూడూ సీసాలోకి బయటి నుంచి పోయగలిగినవే. మెక్సికో నిబంధనల ప్రకారం గ్లిజరిన్, చక్కెర పాకం, ఓక్ సారం, క్యారమెల్ రంగు, ఈ నాలుగింటినీ 1 శాతం మించకుండా కలిపితే లేబుల్ మీద రాయనక్కర్లేదు. "100 శాతం అగావే" (అగావే అంటే టెకీలా తీసే మొక్క) అని రాసి ఉన్నా సరే, ఎందుకంటే ఆ మాట పులియబెట్టిన చక్కెర ఎక్కడిదో చెబుతుంది తప్ప తర్వాత ఏం కలిపారో చెప్పదు. ఆ మాట కూడా లేని సీసా అయితే మిక్స్‌టో, అంటే చక్కెరలో 51 శాతం అగావేది అయితే చాలు, మిగతాది చెరకుది కావచ్చు. బంగారు రంగు చూసి జనం ఎగబడి కొనే చవక "గోల్డ్" సీసాల్లో చాలావరకు ఇవే. 1 శాతం ఎంతలే అనుకోవద్దు, గ్లిజరిన్, ఓక్ సారం లాంటివి ఆ కొంచెంలోనే రుచి మొత్తం మార్చేస్తాయి.

అసలు రుచి రావడానికి చాలా కాలం పడుతుంది. బ్లూ అగావే పక్వానికి రావడానికే ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. హిమడోర్లు, అంటే అగావే కోసేవాళ్లు, ఆకులు నరికి పిన్యా అనే మధ్య గడ్డని బయటికి తీస్తారు, పాత పద్ధతిలో దాన్ని ఇటుక పొయ్యిలో ఒకటిన్నర నుంచి మూడు రోజుల దాకా నెమ్మదిగా ఉడికిస్తారు, తర్వాత నలిపి, రసం పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పడతారు. లీటరు టెకీలాకి దాదాపు 7 కిలోల అగావే పోతుంది. ఇదంతా తగ్గించుకోవాలని పచ్చి అగావేని డిఫ్యూజర్‌లో వేడినీళ్లతో కడిగి చక్కెర లాగేసేవాళ్లున్నారు. అక్కడ ఉడికిన వాసన పుట్టదు కాబట్టి తర్వాత పైనుంచి చేర్చుకోవాల్సి వస్తుంది.

ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్న ఒక కుర్రాడు పార్ట్ టైమ్ డబ్బులు దాచి వాళ్ల బావకి పుట్టినరోజు కానుకగా పెద్ద సీసా కొన్నాడు, పింగాణీ సీసా, సెలెబ్రిటీ పేరు. విప్పితే కేక్ మీద క్రీమ్ వాసన తప్ప ఇంకేం లేదు. "రేటు చూసి నమ్మాను అన్నా" అని నా దగ్గర కూర్చుని బాధపడ్డాడు. ఆ పిల్లాడిని ఏమీ అనలేం. షాపుల్లో అందరూ "స్మూత్" అనే ఒక్క మాటతోనే అమ్ముతుంటే కొనేవాడికి ఇంకేం తెలుస్తుంది?

ఇప్పుడు లా గ్రిటోనా. హలిస్కో రాష్ట్రంలో లోస్ ఆల్టోస్ అనే ఎర్రమట్టి ఎత్తు నేలలున్నాయి, అక్కడ వాయే దె గ్వాదలూపే ఊళ్లో మెలీ బరాహాస్ డిస్టిలరీలో తయారవుతుంది. అక్కడ పనిచేసేవాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లే. లెయెందా దె మెహికో అనే టెకీలా ఆవిడ సొంత బ్రాండే. రెపొసాడోకి కనీసం 2 నెలలు పీపాలో ఉండాలని రూలు, వీళ్లు అంతకన్నా చాలా ఎక్కువే ఉంచుతారు. కానీ ముందే విస్కీ నిలవ చేసిన పాత పీపాలు కాబట్టి చెక్క రంగు పెద్దగా దిగదు. ఆ పలచదనం లోపం కాదు, పీపా వాసన అగావేని మింగేయకుండా చూసుకున్నారన్న మాట.

రుచి చూసేటప్పుడు షాట్ గ్లాసు వద్దు, మూతి సన్నగా ఉన్న గ్లాసులో కొంచెం పోసి ఐదు నిమిషాలు వదిలేయండి. ముక్కు గ్లాసులోకి పెట్టకుండా అంచు దగ్గరే నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. నాకు ముందు తగిలేది కుంపట్లో కాల్చిన చిలగడదుంప వాసన, దాని వెనక పచ్చి ఆకు, నిమ్మ తొక్క. మొదటి గుక్క నోరు అలవాటు పడటానికే, దాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు. రెండో గుక్కలో మిరియం ఘాటు నాలుక పక్కల్లో నిలబడుతుంది, మింగాక కూడా చాలాసేపు పోదు. తియ్యగా, మెత్తగా ఉంటుందనుకుని వచ్చినవాళ్లు అక్కడ ఆగి మళ్లీ వాసన చూస్తారు. అరచేతిలో నాలుగు చుక్కలు వేసి రుద్ది కూడా చూడండి. ఆరిపోయాక ఉడికిన అగావే వాసన మిగలాలి, చెయ్యి జిగటగా ఉంటే అనుమానించాల్సిందే.

చేసేది ఆడవాళ్లా మగవాళ్లా అన్నది రుచిని మెత్తగా చెయ్యదు. కాల్యే 23 అనే టెకీలా చేసే సోఫీ దెకోబెక్ ఫ్రాన్స్ నుంచి వచ్చిన బయోకెమిస్ట్, ఆవిడ బ్లాంకో, అంటే పీపాలో నిలవ చెయ్యని తెల్ల టెకీలా, తాగి చూడండి, ఎంత సూటిగా ఉంటుందో. ఇంకో సంగతి, సీసా మీద ఆడవాళ్ల పేరున్నంత మాత్రాన డిస్టిలరీ వాళ్లది కాదు, బ్రాండ్ ఒకరిదీ బట్టీ ఇంకొకరిదీ కావచ్చు. సీసా మీద నోమ్ (NOM) అని, పక్కన నాలుగంకెలుంటాయి, అది ఏ డిస్టిలరీలో తయారైందో చెబుతుంది. ఫోన్‌లో వెతికితే నిమిషం పని.

మిగతావి గబగబా చెప్పేస్తాను. టెకీలాలో పురుగు ఉండదు, అది మెస్కల్ అని అగావేతోనే చేసే ఇంకో మద్యం సీసాలు కొన్నిట్లో వేసేది. అగావే కాక్టస్ కాదు. ఉప్పు, నిమ్మకాయ మీ ఇష్టం, మంచి టెకీలాకి అక్కర్లేదు. హ్యాంగోవర్ రాదన్నది అబద్ధం, ఎక్కువైతే ఏదైనా పట్టుకుంటుంది. మన కిత్తనారతో చెయ్యొచ్చా అని చిత్తూరువాళ్లు అడుగుతుంటారు. చెయ్యొచ్చు, డెస్మండ్ నజరెత్ ఆ జిల్లాలోనే దక్కన్ అగావేతో మద్యం చేసి 2011లో మార్కెట్లోకి తెచ్చారు. కానీ దాన్ని టెకీలా అనకూడదు, ఆ పేరు హలిస్కోకీ, ఇంకో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాలకే.

షుగర్ ఉన్న అంకుల్స్‌కి మాత్రం నిదానంగా చెప్పాలి. "టెకీలా షుగర్ తగ్గిస్తుందట కదా బాబూ" అని వాట్సాప్ చూపిస్తారు. 2014లో మా డాలస్‌లోనే అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో అగావేలో ఉండే అగావిన్లు అనే పదార్థాల గురించి ఒక పరిశోధన చెప్పారు, అదీ ఎలుకల మీద. ఆ అగావిన్లు పచ్చి మొక్కలో ఉంటాయి. ఉడికిస్తే చక్కెరవుతాయి, పులిస్తే ఆల్కహాల్ అవుతాయి, సీసాలో ఉండేది ఆ ఆల్కహాలే. పైగా ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకి మద్యంతో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ ఫార్వర్డ్ పంపినవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. మీ డాక్టర్‌ని అడగండి అంకుల్, నన్ను అడగొద్దు.

ఇక కళ్లు పోతాయన్న భయం. కల్తీ సారా చావుల వార్తలు చూస్తూ పెరిగినవాళ్లం, ఆ టెన్షన్ అర్థమవుతుంది. కళ్లు పోగొట్టేది మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. అగావే నుంచి అది కొంచెం ఎక్కువే వస్తుంది, అందుకే మెక్సికోలో దానికి పరిమితి పెట్టారు: 100 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్‌కి 300 మిల్లీగ్రాములు. సీలు, నోమ్ ఉన్న సీసా పేరున్న షాపులో కొంటే ఈ భయం అక్కర్లేదు. ప్రమాదమంతా కల్తీ సరుకులోనే. మెక్సికో ట్రిప్‌కి వెళ్లినప్పుడు లేబుల్ లేని సీసాలోది తీసుకోకండి. తాగిన కొన్ని గంటలకో మర్నాడో చూపు మసకబారినా, విపరీతంగా వాంతులైనా, పడుకుంటే తగ్గుతుందని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మిథనాల్‌కి విరుగుడు మందు ఉంది, ఎంత తొందరగా ఇస్తే అంత బాగా పనిచేస్తుంది.