ఎనభై నాలుగు స్కేళ్ళ నోటుబుక్కు: వైబ్రాఫోన్ చుట్టూ అపోహలు

మొన్న ఆదివారం గాజువాక నుంచి ఒక కుర్రాడొచ్చాడు, వైబ్రాఫోన్ కోసం. అంటే లోహపు పలకల్ని మ్యాలెట్లతో, గుండు తల పుల్లలతో, కొట్టి వాయించే వాద్యం. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి, నిద్ర కూడా పోకుండా సీతమ్మధార బస్సెక్కేశాడు. సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. పన్నెండు కీలు (మన శ్రుతుల్లాంటివి), ఒక్కోదానికి ఏడు మోడ్‌లు (అవే స్వరాలు, మొదలెట్టే స్వరం వేరు), మొత్తం 84 స్కేళ్ళు, రంగు పెన్నులతో. "ఇవన్నీ నోటికొచ్చాకే సోలో మొదలెట్టాలట కదా గురూగారూ?" ఎవరు పుట్టిస్తారో గానీ, ఈ నెల్లో ఈ మాట వినడం ఇది మూడోసారి.

అపోహ: 84 స్కేళ్ళూ వచ్చాకే ఇంప్రొవైజేషన్, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం.

ముందు ఆ లెక్కే తప్పు. శంకరాభరణంలో రిషభాన్ని షడ్జం చేసుకుంటే ఖరహరప్రియ, పంచమాన్ని చేసుకుంటే హరికాంభోజి. మనకి గ్రహభేదం, జాజ్ వాళ్ళకి డోరియన్, మిక్సోలిడియన్. పలకలు అవే ఏడు, కింద కార్డే (కలిపి మోగే స్వరాల గుత్తి) మారుతుంది. పన్నెండు మేజర్ స్కేళ్ళొస్తే ఆ పుస్తకమంతా వచ్చినట్టే.

వెనక కార్డ్‌లు మోగే ట్రాక్ పెట్టాను. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. కుర్రాడు డి రాగానే డి నుంచి పైకి, జి రాగానే చెయ్యి ఎగిరి జి నుంచి పైకి, సింహాచలం మెట్లెక్కినట్టు. ఒక్క తప్పు స్వరం లేదు, పాటా లేదు. పాపం, ఏడాది కష్టం.

స్కేలు వదిలెయ్యమని రెండే పలకలు చూపించాను: ఎఫ్, సి. డి నుంచి లెక్కపెడితే డి మైనర్ సెవెన్‌కి మూడో స్వరం, ఏడో స్వరం అవే. జి సెవెన్ రాగానే సి పక్క పలకకి, బి మీదికి దిగుతుంది, ఎఫ్ కదలదు. సి మేజర్ సెవెన్ రాగానే ఎఫ్ కాస్తా ఇ అవుతుంది. బి అలాగే ఉంటుంది. ట్రాక్ ఆపేశాను. అయినా కార్డ్‌లు మారడం వినబడుతోంది. కుర్రాడు మ్యాలెట్లు పైకెత్తి నవ్వేశాడు. మిగతా స్వరాలన్నీ ఈ రెండింటి మధ్య తిరిగే దారులు.

నేనూ తక్కువ తినలేదు. రెండేళ్ళు స్కేళ్ళే, అదీ ఎప్పుడూ కుడిచేత్తోనే మొదలు. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో మొదటిసారి వాయిస్తుంటే ఫ్రేజు ఎడమచేతి మీద పడింది. చేతులు చిక్కుపడి మ్యాలెట్ ఎగిరి బేస్ వాయించే అన్నయ్య కాళ్ళ దగ్గర పడింది. ఆయన కాలితోనే నావైపు నెట్టాడు, బీటు తప్పకుండా.

అపోహ: స్కేల్లో ఉన్న స్వరం ఎక్కడైనా నప్పుతుంది.

సి మేజర్ సెవెన్ మీద పెడల్ (పలకల మోత ఆగకుండా ఉంచేది) నొక్కిపట్టి ఎఫ్ మీద ఆగి చూడండి. కింద ఇ ఇంకా మోగుతూంటుంది, పంటికింద రాయే. దాటిపోతే ఫర్వాలేదు, ఆగితేనే చిక్కు. అక్కడ ఎఫ్ షార్ప్ వేసేవాళ్ళూ ఉన్నారు, మన కల్యాణి మధ్యమం.

నాలుగు మ్యాలెట్లు రాకపోతే జాజ్ రాదా? వైబ్రాఫోన్ విద్వాంసుడు గ్యారీ బర్టన్ పేరుతో నాలుగు మ్యాలెట్లు పట్టుకునే పద్ధతే ఉంది, నిజమే. ఇంకో విద్వాంసుడు మిల్ట్ జాక్సన్ మాత్రం రెండింటితోనే జీవితమంతా బ్లూస్ పలికించాడు. ఇంట్లో వైబ్రాఫోన్ లేదా? పలకల వరస పియానో మెట్ల వరసే. చిన్న కీబోర్డు చాలు. వయసైపోయిందా? ఆ ప్రశ్న నన్నడగొద్దు.

ఆ కుర్రాడికి ఈ వారం ఇచ్చింది సి మైనర్ సెవెన్, ఎఫ్ సెవెన్, బి ఫ్లాట్ మేజర్ సెవెన్. ఇ ఫ్లాట్, బి ఫ్లాట్ రెండూ పై వరసలో, పియానోలో నల్ల మెట్ల చోట, ఉంటాయి. ముందు బి ఫ్లాట్ ఎ కి దిగాలి, తర్వాత ఇ ఫ్లాట్ డి కి. మ్యాలెట్లు ఒకదాని వెనక ఒకటి కింది వరసకి వచ్చేస్తాయి, చూపు పలకల మీదే ఉంటే. నోటుబుక్కు మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు.