జంట రెక్కల విమానం కట్టబోయే పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పెట్టె విప్పగానే జిగురు సీసా మూత తీయాలని చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. ఆ ఒక్క పూట ఆగి ఈ ఉత్తరం చదవండి. మీరు కట్టబోయేది బ్యాటరీతో, రిమోట్‌తో ఎగిరే చిన్న బైప్లేన్. ఒంటి రెక్క మోడల్స్ ఎగరేసిన అలవాటుతో దీన్ని ఎగరేస్తే రెండు చోట్ల దెబ్బ తింటారు: కట్టేటప్పుడు పై రెక్క దగ్గర, దింపేటప్పుడు థ్రాటిల్ (మోటారు వేగం పెంచి తగ్గించే స్టిక్) దగ్గర. ఆ రెండు దెబ్బలూ నేను తిన్నవే.

ముందు రెండు రెక్కలు ఎందుకో చెబుతాను. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరులు ఎగరేసిన విమానం బైప్లేనే. ఆ రోజు మొదటిసారి అది గాల్లో ఉన్నది 12 సెకన్లు, వెళ్లిన దూరం 120 అడుగులు. అంతకు ముందే, 1896లో, ఆక్టేవ్ షనూట్ అనే ఆయన రెండు రెక్కల గ్లైడర్ (ఇంజను లేకుండా గాల్లో జారుతూ ఎగిరేది) ఒకటి తయారు చేయించాడు. ఆయన రైలు వంతెనలు కట్టిన ఇంజనీరు. పాత ఇనుప వంతెన పక్కల్లో కమ్మీలు నిలువుగా, ఐమూలగా అల్లుకుని ఉండడం చూశారు కదా, ఆ అల్లికనే ఆయన రెక్కల మధ్య పెట్టాడు. నిలువుగా పుల్లలు, ఐమూలగా తీగలు. అప్పట్లో దొరికే కర్ర, గుడ్డతో ఒకే రెక్కను పలచగా, పొడుగ్గా చేస్తే అది బరువు మోయలేక వంగిపోయేది. రెండు పలచటి రెక్కల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి బిగిస్తే పెట్టెలా గట్టిపడేవి. మీ మోడల్‌లో ఆ నిలువు పుల్లల్నే స్ట్రట్స్ అంటారు. ఫోమ్ విమానమే కదా, అవి అందానికి పెట్టారులే అనుకోకండి. చాలా మోడల్స్‌లో పై రెక్క నిటారుగా, మెలి తిరగకుండా నిలబడేది వాటి వల్లే.

మనకు వచ్చే లాభం ఇంకొకటి ఉంది. ఒక లెక్క వేద్దాం. రెక్క పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 80 సెంటీమీటర్లు, వెడల్పు 15 అనుకోండి. ఒక్క రెక్క వైశాల్యం 1200 చదరపు సెంటీమీటర్లు, రెండింటిదీ కలిపి 2400. బ్యాటరీతో సహా విమానం బరువు 360 గ్రాములైతే, ప్రతి 100 చదరపు సెంటీమీటర్ల రెక్క మీద పడే బరువు 15 గ్రాములు. అదే బరువును ఒక్క రెక్క మోయాల్సి వస్తే 30 గ్రాములు. ఈ భారం తగ్గేకొద్దీ విమానం అంత నెమ్మదిగా ఎగరగలదు. వేగం రెట్టింపైతే రెక్క ఎత్తే బలం నాలుగింతలవుతుంది కాబట్టి, భారం సగమైనంత మాత్రాన వేగం సగానికి పడిపోదు, పదింట ఏడు వంతులకు తగ్గుతుంది. పై లెక్కలో ఒంటి రెక్క విమానం నిలదొక్కుకోవడానికి గంటకు దాదాపు 25 కిలోమీటర్ల వేగం కావాలంటే, బైప్లేన్‌కు 18 చాలు. నిజానికి పై రెక్క, కింది రెక్క ఒకదాని గాలిని ఒకటి కొంత చెడగొట్టుకుంటాయి, అందుకని లాభం ఇంత పూర్తిగా దక్కదు. అయినా మన పక్కన పరిగెత్తే మనిషి వేగంతో అది తల మీదుగా వెళ్తుంటే చూడడం ఎంత బాగుంటుందో రాసి చెప్పలేను.

ఈ లాభానికి కట్టాల్సిన సుంకం గాలి నిరోధం. రెండు రెక్కలు, స్ట్రట్స్, తీగలు, చక్రాలు, అన్నీ గాలికి అడ్డమే. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దింపేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక కట్టడం. జిగురు విషయం ఒక్క ముక్కలో చెబుతాను: మామూలు సూపర్ గ్లూ పాలీస్టైరీన్ ఫోమ్‌ను తినేస్తుంది, చూస్తుండగానే గుంట పడుతుంది. ఫోమ్‌కు పనికొచ్చేదని సీసా మీద రాసి ఉన్న జిగురే వాడండి, అదీ ముందు ఒక వృథా ముక్క మీద పరీక్షించాకే. ఎక్కువ పోస్తే ఎక్కువ అతుక్కుంటుందన్నది భ్రమ. పలచగా రాసి, సరిగ్గా ఆనించి, ఆరేదాకా కదపకుండా ఉంచాలి. తోక దగ్గర మరీ పిసినారిగా ఉండండి. తోక నుంచి బరువు తూగే చోటికి దూరం 45 సెంటీమీటర్లు, అక్కడి నుంచి ముక్కుకు 15 అయితే, తోకలో మీరు పోసిన ఒక గ్రాము జిగురుకు ముక్కులో మూడు గ్రాములు పెట్టాలి. బైప్లేన్లకు సాధారణంగా ముక్కు పొట్టి. ఆ మూడు గ్రాములు పెట్టడానికి చోటు కూడా వెతుక్కోవాలి.

అసలు పని పై రెక్కది. నా మొదటి బైప్లేన్‌లో దాన్ని కంటితో చూసి అతికించేశాను. తిన్నగానే కనిపించింది. గాల్లోకి లేవగానే ఎడమకు ఒరగడం మొదలుపెట్టింది. స్టిక్ కుడికి నొక్కితే కాస్త సర్దుకునేది, వదిలితే మళ్లీ ఒరిగేది. రెండో చక్కరులో నేలను తాకింది. ఇంటికి తెచ్చి కొలిస్తే పై రెక్క ఎడమ కొసలో వెనక అంచు నాలుగు మిల్లీమీటర్లు పైకి ఉంది. అంటే రెక్క ఆ కొసలో మెలి తిరిగింది, అక్కడ గాలికి ముక్కు దించుకుని ఉంది. 15 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కకు ఒక డిగ్రీ అంటే రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. నాలుగు మిల్లీమీటర్లంటే డిగ్రీన్నర. కంటికి ఆనదు కానీ గాలికి తెలిసిపోతుంది.

అందుకని ఇలా చేయండి. విమానాన్ని సమతలంగా ఉన్న బల్ల మీద పెట్టి, తోక అడ్డరెక్క ముందు అంచు, వెనక అంచు బల్ల నుంచి ఒకే ఎత్తులో ఉండేలా కింద పుస్తకాలో చెక్క ముక్కలో పెట్టండి. తర్వాత ప్రతి రెక్కకు రెండు కొసల్లోనూ, మధ్యలోనూ ముందు అంచు ఎత్తు, వెనక అంచు ఎత్తు స్కేలుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. కిట్ నమూనాలో ఎంత తేడా ఉండాలని చెప్పారో అంతే రావాలి. ముఖ్యంగా ఎడమ కొస తేడా, కుడి కొస తేడా ఒకటే కావాలి. అయ్యాక ఒక సాగని దారం తీసుకుని, తోక చివర మధ్యలో గుండుసూదితో గుచ్చి, అక్కడి నుంచి ఎడమ రెక్క కొసకు లాగి దారం మీద పెన్నుతో గుర్తు పెట్టండి. అదే దారాన్ని కుడి కొసకు తిప్పండి. గుర్తు సరిగ్గా కొస మీదికి రావాలి. పై రెక్కకూ, కింది రెక్కకూ రెండింటికీ చూడండి. గుర్తు తప్పితే రెక్క పక్కకు తిరిగి ఉందని అర్థం. ఇదంతా జిగురు పెట్టకముందే, టేపుతో నిలబెట్టి చూసుకోవాలి. ఒక సాయంత్రమంతా దీనికే పోయినా పోనివ్వండి. రెండు రెక్కలూ ఒకే మాట మీద లేకపోతే రిమోట్‌లో ఎన్ని ట్రిమ్‌లు (స్టిక్ వదిలేసినా నిలిచి ఉండే చిన్న సవరణలు) తిప్పినా ఆ తగువు తీరదు.

మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్, రెక్కల మీద, తోక మీద పలకల్ని కదిపే సర్వోలు, రిమోట్ సంకేతం అందుకునే రిసీవర్ బిగించడం కిట్‌తో వచ్చే కాగితం చూస్తే అర్థమైపోతుంది. మోటారు తిరగబడి తిరుగుతుంటే దానికీ స్పీడ్ కంట్రోలర్‌కూ మధ్య ఉన్న మూడు తీగల్లో ఏ రెండింటినైనా మార్చి పెట్టండి, సరిపోతుంది. కానీ ఒక్క విషయంలో నా మాట జవదాటకండి: బల్ల మీద పని జరిగినంతసేపూ మోటారుకు ప్రొపెల్లర్ ఉండకూడదు. ఇంత చిన్న మోటారు ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. అది నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, వేలిని ఎముకదాకా కోస్తుంది. ప్రొపెల్లర్ ఎక్కించేటప్పుడు అంకెలు ముద్రించిన వైపు ముందుకు ఉండాలి. ఆ అంకెల్లో 8×4.3 అని ఉంటే వ్యాసం 8 అంగుళాలు, గాలి జారిపోకపోతే ఒక చుట్టుకు 4.3 అంగుళాలు ముందుకు వెళ్తుందని, దీన్నే పిచ్ అంటారు. నెమ్మదిగా ఎగిరే బైప్లేన్‌కు ఇలా పెద్ద వ్యాసం, తక్కువ పిచ్ ఉన్నదే నప్పుతుంది.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ దగ్గర పెద్దవాళ్లు పక్కనుండాలి. ఒక్కో సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు, 3 వోల్టుల కంటే కిందికి దించితే పాడైపోతుంది. చార్జింగ్ పెట్టి గది వదిలి వెళ్లకండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకండి. వారం రోజులు ఎగరేయకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచండి.

బరువు తూగే చోటును ఎగరేసేవాళ్లు సీజీ అంటారు. కిట్‌లో గుర్తు ఇచ్చి ఉంటే అదే పాటించండి. లేకపోతే, సమానమైన రెండు రెక్కలకూ విడివిడిగా ముందు అంచు నుంచి వెడల్పులో పావు వంతు దూరంలో గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తులకు సరిగ్గా మధ్యన ఉన్న చోటు నుంచి మొదలుపెట్టండి. పై రెక్క ముందుకు జరిగి ఉండే మోడల్స్‌కు కూడా ఈ లెక్క పనికొస్తుంది. బ్యాటరీ పెట్టాక విమానాన్ని పై రెక్క కింద రెండు చూపుడు వేళ్ల మీద ఎత్తండి. ముక్కు ఒక వెంట్రుకవాసి కిందికి వాలితే మంచిదే. తోక వాలితే మాత్రం బ్యాటరీని ముందుకు జరపండి. ముక్కు బరువైన విమానం బద్ధకంగా ఎగురుతుంది. తోక బరువైన విమానం మాట వినదు.

మైదానానికి వెళ్లే రోజు గాలి ఆకుల్ని మాత్రమే కదిపేంత ఉండాలి, గంటకు పది కిలోమీటర్లు దాటితే ఇంటికి వచ్చేయండి. విమానాశ్రయాల దగ్గర, జనం మీద, రోడ్ల మీద ఎగరేయకండి. మీరుండే చోటి నిబంధనలేమిటో పెద్దవాళ్లతో ముందే కనుక్కోండి. ముందు రిమోట్ ఆన్ చేసి, తర్వాత బ్యాటరీ తగిలించాలి. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత రిమోట్. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి కదపండి: కుడి ఐలెరాన్ (రెక్క వెనక అంచులో కదిలే పలక) పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ (తోక అడ్డరెక్క వెనక కదిలే పలక) పైకి లేవాలి. ప్రతిసారీ, ప్రతి బ్యాటరీకీ ఇది చూడండి. ఐలెరాన్లు తిరగబడ్డ విమానాన్ని గాల్లో ఎవరూ కాపాడలేరు.

లేపేటప్పుడు గాలికి ఎదురుగా పెట్టి, ఎలివేటర్ కాస్త లాగి పట్టుకుని, థ్రాటిల్ నెమ్మదిగా పెంచండి. ముక్కు ఎడమకు లాగుతుంది, ప్రొపెల్లర్ తిరగడం వల్ల అది సహజం. కుడి రడ్డర్ (తోక నిలువు రెక్క వెనక కదిలే పలక) కొద్దిగా ఇచ్చి తిన్నగా ఉంచండి. వేగం అందుకున్నాక ఎలివేటర్ వదిలితే తోక తనంతట తానే లేస్తుంది, ఇంకొంచెం పోయాక చక్రాలు నేలను విడుస్తాయి. తొందరపడి లాగకండి. రెండు తాటిచెట్ల ఎత్తుకు వెళ్లేదాకా తిన్నగా పోనివ్వండి. ఎత్తు చేతిలో ఉంటే తప్పు దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

మలుపులో ఐలెరాన్ ఒక్కటే ఇస్తే బైప్లేన్ ముక్కు అవతలి వైపుకు తిరగబోతుంది. ఐలెరాన్‌తో పాటు అదే వైపు రడ్డర్ కూడా కొద్దిగా ఇవ్వండి, మలుపు ఎంత నున్నగా వస్తుందో చూస్తారు. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారై టెన్షన్ వస్తుంది. అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే స్టిక్ కదపండి, వాలిన రెక్క కింద కర్ర ఊతం పెట్టినట్టు. ఇది చేతికి వచ్చేస్తే సగం భయం పోతుంది.

ఇప్పుడు దింపడం. ఒంటి రెక్క మోడల్స్‌తో నాకున్న అలవాటు మైదానం అంచు దగ్గర మోటారు ఆపేసి జారుకుంటూ రావడం. బైప్లేన్‌తోనూ అదే చేశాను. రెండు మనుషుల ఎత్తులో థ్రాటిల్ కిందికి లాగేశాను. గాలి దాన్ని వెనక నుంచి చేత్తో పట్టి ఆపినట్టయింది. ముక్కు నిలబెడదామని ఎలివేటర్ లాగాను, అది ఇంకా నెమ్మదించి, ఒక పక్కకు ఒరిగి పడిపోయింది. కింది రెక్క మధ్యకు విరిగింది. మొదట చెప్పిన నిరోధం చేసే పని ఇదే. తేలికైన విమానంలో దాచుకున్న వేగం తక్కువ, ఆ కాస్తా క్షణంలో కరిగిపోతుంది.

కాబట్టి బైప్లేన్‌ను మోటారుతోనే దింపండి. ఎలివేటర్ వేగానికి, థ్రాటిల్ ఎత్తుకు అనుకోండి. దిగాలంటే థ్రాటిల్ ఒక గీత తగ్గించండి, మరీ దిగుతుంటే ఒక గీత పెంచండి. మోటారు శబ్దం సన్నగా, తెగకుండా వినిపిస్తూనే ఉండాలి. విమానం నేల నుంచి మోకాలి ఎత్తుకు దిగాక ముక్కును కొద్దిగా ఎత్తి పట్టుకోండి, చక్రాలు గడ్డిని తాకాకే థ్రాటిల్ పూర్తిగా ఆపండి. దీనికి బ్యాటరీలో చార్జి మిగిలి ఉండాలి కదా, అందుకే రిమోట్‌లో టైమర్ పెట్టుకోండి. 850 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు) బ్యాటరీ నుంచి మోటారు సగటున 6 ఆంపియర్లు లాగుతుంటే, అందులో ఎనభై శాతం వాడేసరికి ఏడు నిమిషాలకు కొంచెం తక్కువ పడుతుంది. మీరు ఐదుకు పెట్టండి. మొదటి ప్రయత్నంలో దిగడం కుదరక మళ్లీ ఒక చుట్టు కొట్టాల్సి వస్తే ఆ మిగులు పనికొస్తుంది.

మొదటి రోజు విమానం ఎలా దిగినా సరే, ఇంటికి వచ్చాక దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టి, పై రెక్క కొలతలు తీసి, కట్టిన రోజు రాసుకున్న కాగితంతో పోల్చండి. ఏ కొస ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో నాకు రాయండి.

మీ తాతయ్య