మూడు చక్రాలు ఉన్నంత మాత్రాన పడదా? పెద్దవయసులో ట్రైసైకిల్: అపోహలు - వాస్తవాలు

మోకాళ్ల నొప్పులు, తూలడం, పక్షవాతం తర్వాత మిగిలిన బలహీనత... ఇలాంటి కారణాలతో సైకిల్ వదిలేసిన పెద్దవాళ్లకి మూడు చక్రాల సైకిల్ నేర్పించడం ఫిజియోథెరపిస్టుగా నా పనిలో భాగం. ఒకరి సాయం లేకుండా బయటికి వెళ్లే ధైర్యాన్ని ఇది తిరిగి ఇస్తుంది. అలాంటి బండిని తెలియక కొని, రెండు రోజులు తొక్కి, భయపడి మూలన పడేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: మూడు చక్రాలున్నాయి కాబట్టి పడదు.

ఆగి ఉన్నప్పుడు పడదు, నెమ్మదిగా వెళ్తే పడదు. మలుపులో వేగంగా తిప్పితే మాత్రం బోల్తా కొడుతుంది. రెండు చక్రాల సైకిల్ మలుపులో లోపలికి వాలుతుంది. మామూలు ట్రైసైకిల్ వాలదు. దాంతో బరువు బయటి వైపుకి తోసుకొచ్చి, లోపలి వైపు వెనక చక్రం నేల మీంచి లేస్తుంది. సీటు ఎంత ఎత్తుంటే, వెనక చక్రాల మధ్య దూరం ఎంత తక్కువుంటే అంత త్వరగా లేస్తుంది. ముందు రెండు, వెనక ఒకటి చక్రాలతో, నేలకి దగ్గరగా వెనక్కి ఆనుకుని కూర్చునే రకం ఈ విషయంలో చాలా నయం. కాకపోతే అంత కిందికి కూర్చుని లేవడానికి మోకాళ్లు సహకరించాలి.

బ్రేకు మలుపుకి ముందే వేయాలి, మలుపులోకి వెళ్లాక కాదు. ఎడమకి తిరుగుతుంటే ఎడమ భుజం ఎడమ చేతి పిడి మీదికి వచ్చేలా ఒంటిని లోపలికి వంచాలి. బుట్టలో బరువైనవి అడుగున పెట్టాలి.

అపోహ: సైకిల్ వచ్చినవాళ్లు మళ్లీ నేర్చుకోనక్కర్లేదు.

నా అనుభవంలో మొదటిరోజు ఎక్కువ ఇబ్బంది పడేది వాళ్లే. వాన నీళ్లు జారిపోవడానికి రోడ్డు అంచుల వైపు వాలుగా ఉంటుంది కదా. ఆ వాలులో ట్రైసైకిల్ కూడా కాస్త ఒరుగుతుంది. ఒరగగానే పాత అలవాటు మేలుకుంటుంది: సైకిల్ పడిపోతున్నట్టనిపించి, హ్యాండిల్ అటువైపే తిప్పేస్తారు. బండి నేరుగా రోడ్డు అంచుకి పోతుంది. "హ్యాండిల్ వంకరగా ఉందండీ, ఎటో లాగేస్తోంది" అంటారు. చూస్తే హ్యాండిల్ బాగానే ఉంటుంది, లాగేది చేతులే. జీవితంలో సైకిలే ఎక్కనివాళ్లకి వదిలించుకోవాల్సిన అలవాటు లేదు కాబట్టి తొందరగా వచ్చేస్తుంది.

అందుకే నేను చదునైన ఖాళీ స్థలంలో మొదలుపెడతాను. ముందు పెడల్ తొక్కనివ్వను. వెనకనుంచి మెల్లగా తోస్తుంటే హ్యాండిల్ ఒక్కటే తిప్పాలి. చూపు ముందు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన చోటు మీద ఉండాలి. పిడిని బిగబట్టిన వేళ్లు వదులయ్యాకే పెడల్. ఆ తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం. వాలు రోడ్డు అన్నిటికన్నా చివర, అక్కడ ఒంటిని ఎత్తు వైపుకి వంచాలని చెప్తాను.

అపోహ: ఆగేముందు కాలు కింద పెడితే సేఫ్.

దయచేసి ఈ పని చేయకండి. మీ మడమ వెనకే చక్రం, ఇరుసు ఉంటాయి. బండి కదులుతుండగా కాలు దించితే అది మీ కాలి మీదికి వస్తుంది. పూర్తిగా ఆగేదాకా రెండు పాదాలూ పెడళ్ల మీదే ఉండాలి. ఆగాక పార్కింగ్ బ్రేకు వేసి, అప్పుడు దిగాలి. స్టాండు లేని బండి ఇది, కాస్త వాలున్నా దానంతట అదే దొర్లిపోతుంది. పార్కింగ్ బ్రేకు లేని బండి కొనవద్దు. వెనక్కి ఆనుకుని తొక్కే రకమైతే పెడళ్లకి మడమ పట్టీలు ఉండాలి, లేదంటే జారిన పాదం బండి కిందికి పోతుంది.

అపోహ: ఏ ట్రైసైకిల్ అయినా ఒకటే.

చవక రకాల్లో చాలావాటికి వెనక ఒక్క చక్రానికే చైను బలం అందుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది, ఇసుకలో ఆ చక్రం ఊరికే తిరుగుతుంది. డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ఉంటే బలం రెండు వెనక చక్రాలకీ వెళ్తుంది. ఇదేమీ కొత్తది కాదు, ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ అనే సైకిళ్ల తయారీదారు 1877లోనే తన ట్రైసైకిల్‌కి పెట్టాడు. షాపులో వెనక భాగం ఎత్తించి పెడల్ ముందుకి తిప్పి చూడండి. ఒక్క చక్రమే తిరిగితే సంగతి తెలిసిపోతుంది. చదును రోడ్ల మీద మాత్రమే తిరిగేవాళ్లకి అదీ సరిపోతుంది. గేర్లు మాత్రం ఉండాలి. ఎత్తులో ఎంత నెమ్మదిగా వెళ్లినా పడిపోరు కాబట్టి, బాగా తేలికైన గేరు మోకాళ్లకి వరం.

సీటు సంగతి. కాళ్లు నేలకి అందాలని కిందికి దించుతారు, దాంతో మోకాలు అతిగా ముడుచుకుని నొప్పి పెరుగుతుంది. ఈ బండికి ఆ అవసరమే లేదు. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అంతే కావాలి.

అపోహ: సరిగ్గా నడవలేనివాళ్లు తొక్కలేరు.

పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)తో అడుగు పడక నిలబడిపోయే ఒక వ్యక్తి సైకిల్ మాత్రం చక్కగా తొక్కడాన్ని నెదర్లాండ్స్ డాక్టర్లు 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వివరించారు. అలాంటివాళ్లకి కష్టమయ్యేది ఎక్కడం, దిగడం, ఆగడం. మూడు చక్రాలు తీర్చేవి సరిగ్గా ఆ మూడే. అందరికీ ఇలాగే ఉంటుందని కాదు, డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. చూపు బాగా తగ్గినవాళ్లకి, కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకి మాత్రం నేను వద్దనే చెప్తాను.

ఇంకొకటి: ట్రైసైకిల్ కాళ్లకి, గుండెకి మంచి వ్యాయామమే కానీ, బ్యాలెన్స్ పెంచదు. నిలబడి చేసే బ్యాలెన్స్ వ్యాయామాలు మానకండి.

మోటారు రకం కొన్నా, మొదట్లో మోటారు ఆపేసి నేర్చుకోండి. కొన్నిటిలో పెడల్ ఆపాక కూడా ఒక్క క్షణం తోస్తూనే ఉంటుంది, అది మలుపులో జరిగితే ప్రమాదం. పాదం ఎంత గట్టిగా నొక్కితే అంతే సాయం చేసేది, బ్రేకు పట్టగానే మోటారు ఆగేది చూసి తీసుకోండి.

డబ్బు కట్టేముందు మీ గుమ్మం, గేటు వెడల్పు కొలవండి. చాలా బండ్లు 70 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పుంటాయి, బరువు 20 కిలోలు దాటుతుంది. మెట్లెక్కించి లోపల పెట్టుకోవచ్చులే అనుకోవద్దు.