వంతెన మీద అడవి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో చూశాను. కింద కార్లు బారులు తీరి పోతుంటే, పైన వంతెన మీద రోడ్డుకు బదులు చెట్లూ గడ్డీ! "ఇదేం వంతెన తాతయ్యా, ఎవరి కోసం కట్టారు?" అని అడిగారు. అది కెనడాలో బాన్ఫ్ జాతీయ ఉద్యానవనంలోది. జంతువుల కోసం కట్టింది. ఉద్యోగమంతా రోడ్ల పనిలోనే గడిపినవాణ్ణి గనక ఒక్క ముక్కలో తేల్చలేను. కాస్త ఓపిగ్గా చదవండి.

రోడ్డు వెంట పోయేవాళ్లు కొందరుంటారు, దాన్ని అడ్డంగా దాటేవాళ్లు కొందరుంటారు. మేం డ్రాయింగు గీసేటప్పుడు మొదటివాళ్లే మా కళ్లముందుండేవారు. ఎంత వేగం, ఎంత మలుపు, ఎన్ని లేన్లు, అంతే. నక్క, కప్ప, అవతలి వీధిలో స్నేహితుడి దగ్గరికి పోయే పిల్లవాడు మా లెక్కల్లోకి వచ్చేవారు కారు. వాన నీటికి మాత్రం తూములు పెట్టేవాళ్లం, అదీ రోడ్డు కొట్టుకుపోతుందన్న భయంతో. దూరపు ఊళ్లను కలిపే రోడ్డు పక్కపక్కనున్నవాళ్లను విడదీస్తుందని నా బుర్రకెక్కేసరికి రిటైర్మెంటు దగ్గరపడింది.

బాన్ఫ్‌లో హైవేను వెడల్పు చేసినప్పుడు రెండు పక్కలా ఎత్తైన కంచె వేశారు. జంతువులు దాటడానికి రోడ్డు పైనుంచి 6 వంతెనలు, కిందనుంచి 38 దారులు ఏర్పాటు చేశారు. అసలు కిటుకు కంచెలోనే ఉంది. వంతెన ఒక్కటే కట్టి వదిలేస్తే జింక దాన్ని వెతుక్కుంటూ రాదు, తోచినచోట రోడ్డెక్కేస్తుంది. కంచె ఉంటే దాని వెంటే నడిచి నడిచి, సందు దొరికినచోట దాటుతుంది. బండ్లు జంతువుల్ని గుద్దడం అక్కడ 80 శాతానికి పైగా తగ్గింది.

అయితే కట్టిన మర్నాడే అన్నీ వరసకట్టి రాలేదు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు నమ్మడానికి ఏళ్లు పట్టింది. పైగా ఒక్కోదానిది ఒక్కో అభిరుచి. గ్రిజ్లీలకీ తోడేళ్లకీ నలువైపులా కనబడే విశాలమైన వంతెన కావాలి. నల్ల ఎలుగులు, కూగర్లనే పెద్ద పిల్లిజాతి జంతువులు ఇరుకైన చీకటి దారిలోంచి పోవడానికే ఇష్టపడతాయి. ఒకే నమూనాను వంద చోట్ల దింపే అలవాటున్న మాలాంటివాళ్లకి ఇది మంచి చెంపపెట్టు.

మన దేశంలోనూ ఉంది. పెంచ్ పులుల అడవి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని 9 చోట్ల స్తంభాల మీదికి ఎత్తారు. వాటిలో అన్నిటికన్నా పొడవైనది 750 మీటర్లు. పైన లారీలు పోతుంటే కింద పులులు నడిచి వెళ్లడం కెమెరాలకు చిక్కింది.

ఇక రోడ్డు అంచులు. "అశోకుడు చెట్లు నాటించెను" అని మేమూ బట్టీపట్టాం, మీరూ పట్టే ఉంటారు. శాసనంలో అయితే మనుషులకూ పశువులకూ నీడనివ్వడానికి మర్రిచెట్లు నాటించానని ఉంది. నడిచేవాళ్ల కాలం అది. ఇప్పుడు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు అంచునే లావుపాటి మాను ఉంటే ప్రమాదం. అందుకని చెట్లను కొంచెం ఎడంగా పెట్టి, దగ్గర్లో ఆ నేలలో పుట్టిన గడ్డీ పూలమొక్కలూ పెంచాలి. పూలు విత్తనం కట్టేదాకా కోత ఆపితే చాలు, తేనెటీగలకు మేత దొరుకుతుంది. ఖర్చు కూడా తగ్గుతుంది, కానీ పచ్చిక నున్నగా లేకపోతే పై అధికారులకు నచ్చదు!

నాకు అన్నిటికన్నా నచ్చింది అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ పట్టణంలో ఉంది. హైవే, రైలు పట్టాలు కలిసి పాత కోటకూ కొలంబియా నదికీ మధ్య అడ్డం పడ్డాయి. అంతకుముందు అక్కడి ఆదివాసీ తెగలు నదికి రాకపోకలు సాగించిన తావు అది. 2008లో రోడ్డు మీదుగా మట్టి పరిచిన నడకవంతెన కట్టి, స్థానిక మొక్కలు నాటారు. నది, నేల, జనం అనే మాటల్ని ఆ తెగల భాషల్లోనే అక్కడ రాయించారు. రూపకర్త జాన్‌పాల్ జోన్స్ కూడా ఆదివాసీ మూలాలున్నవాడే. హైవే మీద గడ్డి మొలిచిన ఏటవాలు నేలను దించినట్టు మెలిక తిరిగి ఉంటుంది ఆ వంతెన.

అన్నిచోట్లా అంత చక్కగా జరగలేదు. అదే దేశంలో సెయింట్ పాల్ నగరంలో రోండో అని నల్లజాతివాళ్ల పేట ఉండేది. 1950లు, 60లలో హైవే దాని నడిమధ్య నుంచి పోయింది. ఇళ్లు పోయాయి, దుకాణాలు పోయాయి, మిగిలిన పేట రెండు ముక్కలైంది. 2015లో నగర మేయర్ క్షమాపణ చెప్పాడు. హైవే మీద కప్పులా నేల పరిచి, పేటను మళ్లీ కలపాలని అక్కడివాళ్లు అడుగుతున్నారు. డబ్బు సంగతి అటుంచి, పైన కట్టే ఇళ్లూ తోటలూ చివరికి ఎవరి చేతికి వస్తాయన్నదే వాళ్ల బెంగ. న్యాయమైన బెంగే అనిపిస్తుంది నాకు.

ఉత్తరం చాంతాడంత అయింది. కప్పల కోసం రోడ్డు కింద తవ్వే చిన్న సొరంగాల గురించి చెప్పనేలేదు. అది వచ్చే ఉత్తరంలో.

మీ
తాతయ్య